రాయి మోగే కొండ దాకా

సోమవారం, చెన్నై

కన్యాకుమారి జిల్లాలో ఆరల్వాయ్‌మొళి దగ్గర ఒక కొండ ఉంది. 1752 జనవరి 14న, ఇప్పటి క్యాలెండర్లో సంక్రాంతి వేళకు, తిరువాన్కూరు (ట్రావన్‌కోర్) రాజు సైనికులు దేవసహాయం అనే మనిషిని అక్కడ కాల్చి చంపారు. 2022 మే 15న పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ని పునీతుడిగా, అంటే సెయింట్‌గా ప్రకటించారు. ఫాదరూ సన్యాసీ కాని మామూలు సంసారికి ఆ గౌరవం దక్కడం మన దేశంలో అదే మొదలు. టీవీలో ఆ వేడుక చూసిన దగ్గర్నుంచీ మా బావగారికి ఆ కొండ చూడాలని ఒకటే పట్టు.

బావగారిది ఫిరంగిపురం. వాళ్ళు తరతరాల కథోలికులు. మాది గుంటూరులో లూథరన్ కుటుంబం, అంటే ప్రొటెస్టెంట్లం. మా అక్క పెళ్ళయ్యాక జపమాల పట్టింది కానీ, నేను మాత్రం పునీతుల పటాల ముందు ఎలా నిలబడాలో ఇప్పటికీ తెలియని వాణ్ణి. అయినా విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన హతసాక్షులంటే ఏ సంఘం వాడికైనా ఆసక్తే. "రారా తమ్ముడూ, మీ బావ చరిత్ర చెప్తుంటే వినే వాడొకడు కావాలి" అంది అక్క. ముగ్గురం బయల్దేరాం.

చెన్నైలో దిగాక మొదట పరంగిమలై, అంటే సెయింట్ థామస్ మౌంట్ ఎక్కాం. అపొస్తలుడైన తోమాను క్రీ.శ. 72లో ఇక్కడే బల్లెంతో పొడిచి చంపారని అనాదిగా నమ్మకం. పైనున్న గుడిని పోర్చుగీసువాళ్ళు పదహారో శతాబ్దంలో కట్టారు. పునాదులు తవ్వుతుంటే దొరికిందని చెప్పే పహ్లవీ (పాత పర్షియా లిపి) అక్షరాల రాతి శిలువ బలిపీఠం దగ్గరే ఉంది. సాయంత్రం మైలాపూరు వైపు శాంథోమ్ బసిలికాలో సమాధి కూడా చూశాం. తెల్లటి గోపురం, కింద సమాధి గది, బయట సముద్రపు గాలి. అన్నీ బాగున్నాయి.

కానీ ఇక్కడ మనసు పెద్దగా కదలలేదు. రెండు వేల ఏళ్ళ కిందటి కథ కావడంతో చంపిందెవరు, ఎందుకు అన్న ప్రశ్న ఎవరికీ గుచ్చుకోదు. కాలం ఎంత వెనక్కి పోతే హతసాక్షి అంత సులువుగా అందరివాడైపోతాడు. దక్షిణానికి దిగేకొద్దీ అంత సులువుగా ఉండదని నాకప్పుడు తెలియదు.

మంగళవారం, ఓరియూర్

రాత్రి రైలెక్కి కారైకుడిలో దిగి కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు కుర్రాడు హిందువు. ఓరియూర్ అనగానే "అరుళానందర్ కోవిలా? మా పిల్లాడికి పుట్టువెంట్రుకలు అక్కడే తీయించాం" అన్నాడు. బావగారు రైల్వేలో ఉన్నప్పుడు పెరంబూరులో చాలాకాలం ఉన్నారు కాబట్టి తమిళం ధారాళంగా మాట్లాడతారు. దారంతా కబుర్లే.

రామనాథపురం జిల్లాలో ఎండిన చెరువులు, తుమ్మచెట్ల మధ్య ఉన్న చిన్న ఊరు ఓరియూర్. 1693 ఫిబ్రవరి 4న జాన్ డి బ్రిట్టో తల నరికింది ఇక్కడ. లిస్బన్‌లో రాజకుమారుడితో కలిసి పెరిగిన ఈ పెద్దింటి పిల్లవాడు యేసుసభలో (జెస్యూట్ ఫాదర్ల సంఘం) చేరి 1673లో మన దేశం వచ్చాడు. మదురై మిషన్లో కాషాయం కట్టి, మాంసం మాని, అరుళానందర్ అన్న పేరుతో మరవ కులం వాళ్ళు ఏలే మరవ సీమలో తిరిగాడు. 1686లో ఒకసారి పట్టుకుని చిత్రహింసలు పెట్టి వదిలేశారు. యూరప్‌కు వెళ్ళినవాడు అక్కడే ఉండిపోవచ్చు. కానీ 1690లో మళ్ళీ వచ్చాడు.

చావు ఎలా వచ్చిందన్నది ఆలోచించాల్సిన సంగతి. తడియత్తేవర్ అనే మరవ ప్రభువు జబ్బు నయమయ్యాక బాప్తిస్మం అడిగాడు. ఒక్క భార్యనే ఉంచుకోవాలని బ్రిట్టో షరతు పెట్టాడు. ఆయన ఒప్పుకుని మిగతావాళ్ళను పంపేశాడు. వాళ్ళలో చిన్నామె రామనాథపురం పాలకుడు రఘునాథ కిళవన్ సేతుపతికి మేనకోడలు. ఆమె వెళ్ళి మామయ్యకు మొరపెట్టుకుంది. ఆ తర్వాత జరిగింది తెలిసిందే. బావగారు ఇదంతా ఉత్సాహంగా చెబుతుంటే అక్క అడ్డుపడింది. "ఆవిడ తప్పేముంది? పెళ్ళి చేసుకుని ఇప్పుడు పొమ్మంటే ఊరుకుంటుందా?" బావగారి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. హతసాక్షుల చరిత్రల్లో ఇలాంటి ఆడవాళ్ళు ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఆమె ఎలా బతికిందో ఎవరూ రాయరు.

గుడి దగ్గర ఇసుక ఎర్రగా ఉంటుంది. ఆయన రక్తం వల్లే అలా మారిందని భక్తుల నమ్మకం. చిటికెడు కాగితంలో పొట్లం కట్టుకుని తీసుకెళ్తారు. పండగ ముగిసి ఎన్నో రోజులు కాకపోవడంతో చెట్ల కింద ఇంకా పొయ్యిరాళ్ళు, మసి కనిపిస్తున్నాయి. మొక్కుబడికి గుండు కొట్టించుకుని, మేకను కోసి, అక్కడే వండి బంధువులకు పెట్టడం ఇక్కడి ఆచారం. క్రైస్తవులతో పాటు హిందువులూ చేస్తారు. మేం వెళ్ళిన రోజూ ఒక కుటుంబం పెద్ద డేగిసాలో కూర కలుపుతోంది. ఎవరని అడగలేదు, ఏ మతమని వాళ్ళూ అడగలేదు. "సాప్పిట్టు పోంగ" (తిని వెళ్ళండి) అని ఆకులు పరిచారు.

మాంసం ముట్టని స్వామి పేరు మీద మేకమాంసం! లూథరన్ బుర్ర కాసేపు గోల పెట్టింది. కడుపు పట్టించుకోలేదు. ఆయన్ని చంపించిన మరవ సీమే ఆయనకు మొక్కులు చెల్లిస్తోంది. దీన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడం నావల్ల కాలేదు.

బుధవారం, వేదాళై

ఇది బావగారి జాబితాలో లేదు, నేను పట్టుబట్టి చేర్పించాను. మండపం దగ్గర సముద్రపు ఒడ్డున జాలర్ల ఊరు. 1549లో ఆంటోనియో క్రిమినాలి అనే ఇటలీ ఫాదర్ని ఇక్కడ చంపారు. యేసుసభలో మొట్టమొదటి హతసాక్షి ఆయనే అంటారు. అయినా ఇంతవరకు పునీతుడని ప్రకటించలేదు. చంపినవాళ్ళను ఆనాటి ఉత్తరాల్లో బడగలు అని రాశారు. బడగలంటే వడుగులు, తమిళదేశానికి ఉత్తరం వైపు నుంచి వచ్చిన విజయనగర సైన్యం. తమిళనాడులో వడుగులు అంటే ప్రధానంగా మనవాళ్ళే.

కథ మూలం మాత్రం మతం కాదు, డబ్బు. ఇక్కడి పోర్చుగీసు కెప్టెను రామేశ్వరం వెళ్ళే దారికి అడ్డంగా కందకం తవ్వించి యాత్రికుల దగ్గర సుంకం వసూలు చేశాడు. దర్శనానికి వెళ్ళేవాళ్ళను ఆపి డబ్బులడిగితే ఎవరికైనా మండుతుంది. ఆలయం వాళ్ళు సైన్యాన్ని పిలిపించారు. దాడి జరిగినప్పుడు పోర్చుగీసువాళ్ళు చాలామంది పడవలెక్కి తప్పించుకున్నారు. క్రిమినాలి మాత్రం కొత్త క్రైస్తవుల ఆడవాళ్ళనీ పిల్లల్నీ పడవలెక్కించడానికి ఒడ్డునే ఉండిపోయాడు. బల్లేలతో పొడిచి తల నరికారు.

కెప్టెను చేసిన పాపానికి ఫాదరు ప్రాణం పోయింది. చంపిన వాళ్ళది కూడా ఒట్టి దుర్మార్గం అనలేం. ఈ రెండు మాటల్నీ ఒకే నోటితో చెప్పడం మన ప్రసంగాల్లో నేనెప్పుడూ వినలేదు. బావగారు నీళ్ళలో కాళ్ళు పెట్టి నిలబడి "అయితే మనవాళ్ళే చంపారంటావు" అన్నారు.

"తాతలనాటి సంగతిలే బావా."

"తోమాని చంపినవాళ్ళని తిట్టేటప్పుడు తాతలనాటిదని వదిలేస్తామా మరి?"

ఆయన అప్పుడప్పుడూ ఇలా అంటుంటారు. వల బాగుచేసుకుంటున్న ఒకాయన మా వంక చూసి నవ్వాడు, భాష అర్థమై కాదు. రాత్రికి తూత్తుకుడి చేరాం.

గురువారం, వడక్కన్‌కుళం

దేవసహాయం పుట్టిన ఊరు నట్టాలం అయినా ఆయన క్రైస్తవ జీవితం మొదలైంది ఇక్కడ. అసలు పేరు నీలకంఠన్. పద్మనాభపురం కోటలో మార్తాండవర్మ దగ్గర అధికారి. 1741లో కొలచెల్ యుద్ధంలో డచ్చివాళ్ళను ఓడించిన రాజు వాళ్ళ కమాండర్ యూస్టేషియస్ డి లనోయ్‌ను ఖైదుగా పట్టుకుని తన సైన్యానికే శిక్షకుడిగా పెట్టుకున్నాడు. ఆ లనోయ్‌తో నీలకంఠన్‌కు స్నేహం కుదిరింది. ఇంట్లో ఆస్తినష్టాలు వచ్చి దిగులుపడుతున్నప్పుడు లనోయ్ ఆయనకు బైబిల్లోని యోబు కథ చెప్పాడట. సర్వం పోగొట్టుకుని కూడా దేవుణ్ణి వదలని మనిషి కథ. 1745 మే 14న నీలకంఠన్ ఈ ఊరికొచ్చి యేసుసభ ఫాదర్ బుట్టారి చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. లాజరు అన్న పేరుకు తమిళ రూపమే దేవసహాయం. భార్య భార్గవి కూడా బాప్తిస్మం తీసుకుని జ్ఞానపూ అయ్యింది. ఆమె సమాధి ఇక్కడే ఉంది. అక్క ఆ సమాధి దగ్గరే ఎక్కువసేపు నిలబడింది.

ఈ ఊరికి ఇంకో చరిత్ర ఉంది. కరపత్రాల్లో అది కనిపించదు. 1872లో ఇక్కడ తిరుకుటుంబం గుడిని రెండు పొడవాటి హాళ్ళుగా కట్టారు. రెండూ బలిపీఠం దగ్గర కలుస్తాయి. ప్యాంటు రెండు కాళ్ళలా ఉందని దాన్ని ట్రౌజర్ చర్చి అనేవారు. ఒక కాలులో పై కులాలమనుకునే పిళ్ళైలు, ముదలియార్లు, రెండోదాంట్లో నాడార్లు, మిగతావాళ్ళు. పూజ చేసే ఫాదర్ ఇద్దరికీ కనపడతాడు, వీళ్ళకు వాళ్ళు కనపడరు. 1910లో బిషప్ ఆ అడ్డు తీయించేశాడు. పిళ్ళైలు కోర్టుకెక్కారు. మైకేల్ పిళ్ళై వర్సెస్ బార్త్ అన్న ఆ కేసు మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళింది. గుళ్ళో కులం పేరు మీద వేరే చోటు అడగడం హక్కు కాదని కోర్టు తేల్చింది.

దేవసహాయం మీద ఆయన బంధువులకూ కోట అధికారులకూ ఉన్న పెద్ద ఫిర్యాదుల్లో ఒకటి, తక్కువ కులాలవాళ్ళతో కలిసి కూర్చుంటాడని, వాళ్ళ చేతి అన్నం తింటాడని. ఆయనకు బాప్తిస్మం ఇచ్చిన ఊరే ఆయన చచ్చిపోయి నూట ఇరవై ఏళ్ళయ్యాక గుడిని చీల్చి కట్టుకుంది. హతసాక్షిని పొగడటం ఎవరైనా చేస్తారు. ఆయన తిన్న కంచంలో తినడం దగ్గరే తేడా వస్తుంది.

ఇప్పుడు మధ్యలో అడ్డేమీ లేదు. వరండాలో కూర్చున్న పెద్దాయన మాతో ఆప్యాయంగా మాట్లాడాడు. ఆంధ్రా నుంచి వచ్చామనగానే సంతోషించి, కాస్త ఆగి, "అక్కడ మీరు ఏ వాళ్ళు?" అని అడిగాడు. ఇందులో కోపమేం లేదు, మనూళ్ళలోనూ మంచినీళ్ళిచ్చి అడిగే ప్రశ్నే. బావగారు "రైల్వేవాళ్ళం" అన్నారు. పెద్దాయన పకపకా నవ్వాడు.

కారెక్కాక అక్క మొదలుపెట్టింది. మా మేనకోడలు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. అక్కడి గుళ్ళో క్వాయర్లో పాడే అబ్బాయిని ఇష్టపడింది. కథోలిక అబ్బాయే, చదువుకున్నాడు, తాగడు. కులం వేరు. బావగారు కాదనలేదు, ఔననలేదు. నెలలుగా "చూద్దాం" దగ్గరే ఆగారు.

"నా పెళ్ళప్పుడు లూథరన్ పిల్లని మీ ఇంట్లో ఎంత గొడవ! పోపు గురించి, మరియమ్మ గురించి ఎన్ని వాదనలు! చివరికి అందరూ ఎందుకొప్పుకున్నారు? కులం ఒకటే కాబట్టి" అంది అక్క. నిజమే. సిద్ధాంతం మీద కొట్టుకున్నాం, కులం దగ్గర నోరు మూసుకుని విందు తిన్నాం. మా లూథరన్లలోనూ ఏ ఊళ్ళో ఏ గుడి ఎవరిదో, ఏ సమాధుల దొడ్డి ఎవరిదో అందరికీ తెలుసు.

బావగారు కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నారు. డ్రైవరు పాటల సౌండ్ పెంచాడు.

శుక్రవారం, కాట్రాడిమలై, కోట్టార్

ఆరల్వాయ్‌మొళి కనుమలో గాలి మనిషిని తోసేస్తుంది. ముప్పందల్ చుట్టూ ఎటుచూసినా గాలిమరలే. వాటి మధ్యలో వ్యాకులమాత గుడి, వెనక రాతి గుట్ట. ఈ ఊరిని ఇప్పుడు దేవసహాయం మౌంట్ అంటారు.

1749 ఫిబ్రవరిలో అరెస్టు చేశాక దాదాపు మూడేళ్ళు ఆయన్ని చంపకుండా తిప్పారు. ఒళ్ళంతా కొట్టి, గాయాలకు కారం రాసి, జిల్లేడు పూల దండేసి, దున్నపోతు మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊరూరా ఊరేగించారు. కోటలో పెద్ద ఉద్యోగం చేసిన మనిషికి చావుకంటే ఆ ఊరేగింపే పెద్ద శిక్ష అనుకుని ఉంటారు. జనం మాత్రం వెక్కిరించడం మాని, ప్రార్థన చేయమని ఆయన దగ్గరికి రావడం మొదలుపెట్టారని ఇక్కడివాళ్ళు చెప్తారు. చివరికి రాత్రిపూట ఈ గుట్ట మీదికి తెచ్చి కాల్చారు. శవాన్ని అడవిలో పారేస్తే, కొన్నాళ్ళకు మిగిలిన ఎముకల్ని భక్తులు ఏరి కోట్టార్‌కు చేర్చారు.

రాతి మీద మోకాళ్ళ గుర్తులని చూపించే గుంటలున్నాయి. కొంచెం అవతల మణియడిచ్చాన్‌పారై అనే బండ. చిన్న రాయితో కొడితే గంటలా మోగుతుంది. ఆయన చనిపోయినప్పుడు పైనుంచి విరిగిపడిన బండ అని చెప్పుకుంటారు. పిల్లలు వరసకట్టి మోగిస్తున్నారు. నేనూ కొట్టాను. నిజంగానే ఖంగుమంది. రాళ్ళు అలా మోగడం భూగర్భశాస్త్రంలో వింతేమీ కాదు, ఆ మాట బావగారితో అనలేదు. ఆయన గుంటల పక్కన మోకాళ్ళూని ఉన్నారు. ఆ వయసులో ఆ బండ మీద!

నాకు నచ్చింది వేరే సంగతి. ఇక్కడ శిలువ మోసే విగ్రహం కన్నా సంకెళ్ళ విగ్రహమే ఎక్కువ చోట్ల కనిపిస్తుంది. చేతులకు, కాళ్ళకు గొలుసులతో, తలపాగా చుట్టుకుని ధోవతిలో ఉన్న మనిషి. అచ్చం మన పక్క ఊరి కరణంలా ఉంటాడు.

మధ్యాహ్నం నాగర్‌కోయిల్ చేరి కోట్టార్ జేవియర్ గుడికి వెళ్ళాం. సమాధి గుళ్ళోనే, బలిపీఠం ముందు ఉంది. పూజకు వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చేత్తో తాకి కళ్ళకద్దుకుంటున్నారు. 2012 డిసెంబర్ 2న ఇదే ఊళ్ళో ఆయన్ని ధన్యుడిగా ప్రకటించారు, పునీతుడికి ముందు మెట్టు అది. అప్పుడు దేవసహాయం పిళ్ళై అనేవారు. పునీతుడి దశకు వచ్చేసరికి ఆ చివరి మాట మీద అభ్యంతరాలు వచ్చాయి. కులాన్ని వదిలిన మనిషికి కులం తోక తగిలించడమేమిటని. రోము ఆ మాట తీసేసింది. ఇప్పటికీ కొన్ని పాత బోర్డుల మీద పిళ్ళై ఉంది.

బావగారు దీన్నే గొప్పగా చెప్పుకొచ్చారు. "మే 15న ఈయన పునీతుడయ్యాడా, సరిగ్గా రెండు వారాలకు, మే 29న మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారిని కార్డినల్‌గా ప్రకటించారు. తెలుగువాళ్ళలో మొదటి కార్డినల్. దళితుల్లో ప్రపంచంలోనే మొదటివారు."

"ఆ రోజు మీరు స్వీట్లు పంచారు కూడా" అంది అక్క. అంతకుమించి ఏమీ అనలేదు. అక్కడ ఆపడం మా అక్కకే తెలుసు.

శనివారం, ఉదయగిరి, పద్మనాభపురం

ఉదయగిరి అనగానే మనకు నెల్లూరు జిల్లా గుర్తొస్తుంది. ఇది వేరే ఉదయగిరి, పులియూర్‌కురిచ్చిలో. కోట లోపల అటవీశాఖ పార్కు, జింకలు, స్కూలు పిల్లలు. ఒక మూల పైకప్పు లేని ప్రార్థనాలయంలో డి లనోయ్ సమాధి. 1777లో పోయాడు. రాతి మీద లాటిన్‌లో, తమిళంలో రాసి ఉంది. స్నేహితుడు కొండ మీద తూటాలకు పోయాక పాతికేళ్ళు అదే రాజ్యానికి సైన్యాధికారిగా పనిచేశాడు. రాజు దగ్గర కొలువు, గుండెలో ఏముందో! నన్ను ఈ యాత్రలో ఎక్కువ వేధించిన మనిషి ఇతనే. హతసాక్షులు కొద్దిమంది. మనలో ఎక్కువమంది లనోయ్‌లమే, జీతం తీసుకుంటూ, విశ్వాసం నిలుపుకుంటూ.

దగ్గర్లోనే ముట్టిడిచ్చాన్‌పారై. దాహానికి తట్టుకోలేక దేవసహాయం మోచేత్తో బండను కొడితే నీళ్ళు వచ్చాయని చెప్పే చోటు. అక్క సీసాలో పట్టుకుంది.

పద్మనాభపురం రాజభవనం తమిళనాడులో ఉన్నా కేరళ ప్రభుత్వం చూసుకుంటుంది. చెక్కపని చూస్తే కళ్ళు తిరుగుతాయి. గైడు మార్తాండవర్మ గురించి చాలా చెప్పాడు, దేవసహాయం గురించి ఒక్క మాట లేదు. మతం మారినందుకు ఉరితీసే అలవాటు ఆ రాజుకు లేదని, ఇది రాజద్రోహం కేసని కేరళ చరిత్రకారుల్లో కొందరు వాదించారు. ఆయన మీద మోపిన నేరాల్లో ద్రోహం ఉందని చర్చి కూడా ఒప్పుకుంటుంది, అది అబద్ధపు నేరం అంటుంది. నా మట్టుకు నాకు ఈ రెండూ అంత దూరం కాదనిపిస్తుంది. కులకట్టు మీద నిలబడిన రాజ్యంలో ఒక అధికారి కింది కులాలవాళ్ళతో కూర్చుని తింటే, అది రాజద్రోహంగా కనపడటానికి పెద్ద కుట్ర అక్కర్లేదు. మతం స్వేచ్ఛగా మార్చుకోనిచ్చి, కంచం దగ్గర మాత్రం పట్టుకుని ఉండొచ్చు. దీనికి నా దగ్గర పత్రాలేమీ లేవు, ఊహ మాత్రమే.

నట్టాలం చూడడానికి పొద్దు చాల్లేదు. బావగారు మొదట గొణిగి, తర్వాత సర్దుకున్నారు. సాయంత్రం నాగర్‌కోయిల్ జంక్షన్లో రైలు కోసం కూర్చున్నాం. అక్క నేంద్రం చిప్స్ పొట్లం విప్పింది. ప్లాట్‌ఫారం మీద ఇరుముళ్ళతో ఒక గుంపు, పెళ్ళికి వెళ్తున్న ఇంకో గుంపు. బావగారు చాలాసేపు పేపరు తిరగేశారు. తమిళ పేపరు, చదివేశారో లేదో తెలియదు. మడిచి పక్కన పెట్టి అక్కను అడిగారు.

"ఆ అబ్బాయి వాళ్ళ నాన్న ఏం చేస్తాడన్నావు?"

"ఆర్టీసీలో కండక్టర్. విజయవాడ."

"రిటైరయ్యాడా?"

"ఇంకా సర్వీసుంది."

"ఊఁ" అని చిప్స్ పొట్లం అందుకున్నారు.